సంచుల కంపెనీ ఆయప్ప పెట్టిన ఒట్టు

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కాడ ఫ్లెక్సీ కట్టినారు. నడిమధ్యన ఆయప్ప ఫోటో, చుట్టూ పూలు, కింద ఏందో రాసినారు. నాకు చదువు రాదు గానీ, ఆ పూలు చావు పూలని తెలుసుకోలేనంత ఎడ్డిదాన్నేం కాదు. ఫోటోలో ఆయప్ప నోరు మూసుకోని ఉండాడు. నేను ఆయప్ప కింద పనిచేసిన అన్నేండ్లలో ఆ నోరు మూతపడింది ఒగనాడూ చూళ్ళేదు. ఏడుపు రావాల్సిన తావున నాకు నవ్వొచ్చె. ఎండలో నిలబడి నవ్వుతాంటే ఆటో అబ్బాయి, "ఏందవ్వా, చచ్చిపోయినాయన్ని చూసి నవ్వుతాండావ్? ఎవురాయప్ప?" అనె.

"నన్ను గొంతు చూసి పనిలో పెట్టుకున్నోడు లేప్పా" అంటి.

వానికేం అర్థం కాలా. నీకూ అర్థం కాదు గానీ, చెప్తా రాసుకో.

నా గొంతు చిన్నప్పటి నుంచి ఇట్లే. గరగరా, మొరటుగా ఉంటాది. నేను గుసగుసలాడినా వీధి చివరికి ఇనపడ్తాదని మా ఇంటాయన ఎగతాళి చేస్తాండె. మా ఇంటాయన పోయినాంక ఇల్లు గడవాల కదా, పని అడిగేదానికి సంచుల కంపెనీకి పోతి. నంద్యాల రైసుమిల్లులకు బియ్యం సంచులు కుట్టిచ్చి పంపే కంపెనీ అది. ఊరి బయట రేకుల షెడ్డు, చుట్టూ నాపబండలు నిలబెట్టిన ప్రహరీ, ముందర ఇనుప గేటు. కుట్టేదంతా ఆడోళ్ళే. నేను పోయేసరికి ఆయప్ప సంచుల మోపు మీద కాలు మీద కాలేసుకోని కూచోని శనక్కాయలు ఒలుచుకుంటాండె.

"కుట్టు వస్తాదా మే?"

"రాదప్పా."

"మిషను ఎప్పుడన్నా తొక్కినావా?"

"లేదప్పా."

"ఇంగేమొస్తాది నీకు?"

"నేర్పిస్తే అన్నీ వస్తాయి. నేర్పీకుండా అడిగితే ఎవురికేమొస్తాది?" అంటి.

కొంచెం గట్టిగానే అనింటా. అంత మంది మిషన్లు తొక్కుతాంటే గట్టిగా అనకపోతే ఎట్ల ఇనపడాల? షెడ్డు ఆ కొసన కుట్టే ఆడోళ్ళు గూడా తలకాయలెత్తి చూసిరి. ఆయప్ప మోపు దిగి నా ముందరకొచ్చి నిలబడె.

"ఇంగోసారి అను."

"ఏమనాల?"

"ఏదో ఒగటి. టీ అను."

"టీ...!" అంటి.

మిషన్లన్నీ టక్కున ఆగిపాయె. ఆడోళ్ళంతా లేచి గ్లాసులు పట్టుకోని వచ్చిరి. టీ ఇంకా పొయ్యి మీదికే ఎక్కలేదు. ఆయప్ప నవ్వి నవ్వి, శనక్కాయ గొంతులో ఇరుక్కోని, కండ్లెంబడి నీళ్ళు కారిచ్చుకుంటా, "సైరను కోసం నంద్యాలంతా తిరిగితిని కదమ్మే! నువ్వు యాడ ఉంటివి ఇన్నాళ్ళు?" అనె. ఆ మాటతో నాకు పని దొరికె. సంచులు తిరగేసి మడిచే పని నాది. దాంతో పాటు టీకి, కూటికి, ఇంటికి కేక పెట్టే పనీ నాదే.

ఆయప్పది ఉయ్యాలవాడ దిక్కు సేద్యం చేసుకునే కుటుంబం. కంపెనీ పెట్టినా బుద్ధి మడికాడనే ఉండె. పొద్దన్నే వచ్చి ఎద్దుల్ని నిమిరినట్ల మిషన్లను ఒక్కొక్కదాన్నీ నిమురుతాండె. ఏదన్నా మిషను మొరాయిస్తే, "దీనికి ఈపొద్దు కడుపులో బాగలేదు, కాసేపు పండుకోనీ" అని గుడ్డ కప్పుతాండె. మనుషుల్నీ అట్లే చూస్తాండె. మాలో ఎవురి మొగుడు తాగుతాడు, ఎవురి బిడ్డ బడికి పోదు, ఎవురి కోడలు అలిగి సంజామలలో పుట్టింట్లో కూచుంది, అన్నీ ఆయప్పకు కావాల. నా కొడుకు పెండ్లిలో ఎవురూ అడక్కుండానే పంచె ఎగగట్టి సాంబారు బక్కెట్టు ఎత్తుకున్నాడు. మా వియ్యంకులు వంటమనిషి అనుకోని, "ఏమప్పా, ఇంగొంచెం చిక్కగా కాయరాదా?" అని కసిరిరి. "ఈసారి పెండ్లికి కాస్తాలేప్పా" అని ఆయప్ప ఇంగో గరిటె పోసె.

సెలవడిగేదొక పెద్ద తమాషా. నిజం చెప్పి అడిగితే ఆయప్పకు రుచించదు. "జరమా? జరం అందరికీ వస్తాది, పోయి పని చూడు" అంటాడు. అబద్ధం చెప్పితే బుగ్గ కింద చెయ్యి పెట్టుకోని ఇంటాడు. నేనొగసారి సంజామలలో మా అత్త చచ్చిపోయిందంటి. ఎట్ల చచ్చిపాయె, ఎవురు ముందర చూసిరి, ఎవురు ఎక్కువ ఏడ్సిరి, అన్నీ అడిగె. నేనూ యాడా తగ్గకుండా చెప్తి. "బాగా చెప్తివి, పో" అని సెలవిచ్చె. మల్లా ఏడాదికి మరిచిపోయి అదే అత్తను ఇంగోసారి చంపితి. "పోయినసారి గుండె ఆగి చచ్చిపాయె కదమ్మే, ఈసారి పాము కరిచిందా? పాపం, చచ్చినాంక గూడా ఆయమ్మను ఇడిచిపెట్టలేదా?" అని షెడ్డంతా ఇనపడేట్టు అడిగె. ఆ దినం సెలవు రాలా. షెడ్డులో మాత్రం పొద్దు మునిగేదాకా ఒకటే నవ్వులు.

ఇట్ల చెప్తే దేవుడంటి మనిషి అనుకుంటారు. దేవుడే గానీ, తనకు బుద్ధి పుట్టిన పొద్దే పలికే దేవుడు. అంతా ఆయప్ప మనసును బట్టి ఉండె. మనసు బాగుంటే అడగనిదీ ఇస్తాడు, బాగలేకపోతే అడిగినోళ్ళను అరిసి పంపుతాడు. పొద్దన్నే స్కూటరు స్టాండేసి సక్కగా నిలబెట్టినాడంటే ఆపొద్దు ఏమన్నా అడగచ్చు. గోడకు ఆనిచ్చి ఇడిచిపెట్టినాడంటే ఎవురమూ ఆ దిక్కు పోము. లేదు అనేముందర చేతి గడియారాన్ని మోచేతి దాకా ఎగదోసుకునే అలవాటుండె. గడియారం ఎక్కిందంటే మేం మాట సగంలోనే తుంచి ఎనక్కి తిరుగుతాంటిమి. ఒక దినం ఇచ్చిన నిమ్మళం ఇంగో దినం ఉంటాదని నమ్మకం లేదు. పని చేసేదానికి భయం లేదు గానీ, స్కూటరును చూసి బతికేదే కష్టం.

యూనియన్ అనే మాట ఆయప్ప చెవిన పడగూడదు. "నంద్యాలలో ఒక మిల్లుండె. యూనియనొచ్చె. ఇప్పుడు ఆడ గొర్లు మేస్తాండాయి" అని వారానికొకసారన్నా చెప్తాండె. ఆ మిల్లును దాని ఓనరే మూసి ప్లాట్లు ఏసుకున్నాడని ఊరంతా తెలుసు. ఎవురన్నా ఆ మాటంటే, "ఆఁ, ప్లాట్లల్లోనే గొర్లు మేస్తాండాయి అంటాండా" అని మాట తిప్పుతాండె.

మాలో మాబున్ని అని ఒకామె ఉండె. కుట్టులో చెయ్యి తిరిగిన మనిషి, మాట మెత్తన. మొగుడు లారీ మీంచి పడి నడుము ఇరిగి మంచాన ఉండాడు. ఇద్దరు ఆడబిడ్డలు. ఆయమ్మ పని మీదనే ఆ ఇల్లు నిలబడి ఉండె. ఆ మెత్తనామెకే స్కూటరును చూసి బతికే బతుకు విసుగొచ్చె. నంద్యాలలో చుట్టాల ఇంటికి పోయినప్పుడు ఆడి యూనియన్ అన్నతో మాట్లాడి, మాకూ ఒక సంఘం పెట్టమని అడిగొచ్చె. ఆ అన్న ఆళ్లగడ్డకొచ్చి మా గేటు ఎదురుగా టీ బంకు కాడ మాబున్నితో మాట్లాడతాండె. అంతలో ఆయప్ప స్కూటరు మీద వచ్చె. స్కూటరును గోడకు గూడా ఆనియ్యలా, అట్లే కింద పడేసె.

"ఎవురు మే ఆ కండువాయప్ప?"

మాబున్ని అబద్ధం చెప్పచ్చు. మా అన్న అనచ్చు, అబద్ధమంటే ఆయప్పకు ఎట్లాగూ ఇష్టమే. ఆ పిచ్చిది నిజమే చెప్పె.

"యూనియన్ అన్నప్పా. నేనే పిలిపిస్తి."

ఆయప్ప మొగం ఎర్రగా కందిపాయె. గేటు పట్టుకోని గట్టిగా అరిసె. "తినే అన్నం మీద ఒట్టు! ఈ యమ్మి ఈ గేటు దాటి లోపల అడుగు పెడితే, నేను కంపెనీకి తాళం ఏసి ఊరిడిచి పోతా!"

మాబున్ని గ్లాసు బంకు మీద పెట్టి ఇంటికి పాయె. నంద్యాలలో ఇంగో సంచుల కంపెనీకి పోయి అడిగితే, యూనియన్ పెట్టే మనిషని అప్పటికే చెప్పుకున్నారంట, వాకిట్లోనే ఎనక్కి పంపిరి. ఆ సందకాడ మేం ఆయమ్మ ఇంటికి పోతే పెద్దబిడ్డ బడి సంచి మూలకు పెట్టి, "ఇంగ నేను కూలికి పోతా" అంటాంది. మాబున్ని ఏడవలేదు. మొగుడే గోడ దిక్కు తిరిగి ఏడుస్తాండె.

అంతవరకూ మాలో సగం మందికి యూనియన్ అంటే ఏందో గూడా తెలీదు. మరుసటి పొద్దున అందరమూ గేటు బయటనే కూచుంటిమి. మాబున్నిని లోపలికి పిలిస్తేనే మేమూ లోపలికి పోయేది. నంద్యాల అన్న వచ్చి నినాదాలు నేర్పె. ఎవురికీ గొంతు లేయలా. అందరూ నా దిక్కు చూసిరి.

"యాజమాన్యం మొండి వైఖరి నశించాలి!" అని అన్న చెప్పిచ్చినట్ల అరిస్తి. టీ బంకు మీద కాకులు లేచిపాయె.

ఆయప్ప లోపలుండి గమ్మునుంటే అయిపోయేది. మాటకు మాట చెప్పకపోతే ఆయప్పకు కూడు ఎక్కదు. షెడ్డులో నుంచి ఎదురు కేక పెట్టె. "మొండి నాది కాదు మే, నీది!"

"మా డిమాండ్లు తీర్చాలి!"

"ఏం డిమాండ్లు మే? ఒగటే కదా ఉండేది! లెక్క రాకపోతే నోరు మూసుకో!"

మా ఆడోళ్ళు పగలబడి నవ్విరి. నంద్యాల అన్న తల పట్టుకోని, "అమ్మా, ధర్నా అంటే ఇట్ల ఉండదమ్మా" అనె. ఎండ నెత్తి మీదికొచ్చె. నా గొంతు పీచు పీచయి, నినాదం సగంలో తెగిపాయె. కాసేపటికి వాచ్‌మెన్ గేటు సందులో నుంచి చెంబు చాపె. మిరియాలు దంచి ఏసిన ఉడుకు నీళ్ళు.

"ఎవురు పంపిరి?" అంటి.

లోపలుండి ఆయప్పే జవాబు చెప్పె. "తాగు మే! ఈ గలాటా అయిపోయినాంక నాకు టీకి కేక పెట్టేదెవురు?"

తాగితి. గొంతు సర్దుకున్నాంక ఆ గొంతుతోనే మల్లా ఆయప్పను తిడితి. ఆయప్ప మా అందరికీ టీ పంపె. నంద్యాల అన్నకు మాత్రం పంపలా. మల్లా వాచ్‌మెన్‌ను ఎనక్కి పిలిచి, "పాపం ఎండలో వచ్చినాడు, ఆయప్పకూ ఈయి. నేనిచ్చినానని చెప్పద్దు" అని అంటాంటే మా అందరికీ ఇనపడె.

సందకాడ అన్న లోపలికి పోయి మాట్లాడతానంటే ఆయప్ప ఒప్పుకోలా. బయటోళ్ళతో మాట్లాడనంట. నన్ను పిలిచె. గేటు కాడికే వచ్చి, కమ్మీల అవతల నిలబడి, కొంచెం దీనంగానే అడిగె.

"ఏమ్మే, నేనేం తక్కువ చేస్తి మీకు? జరాలొస్తే ఆస్పత్రికి తోలుకోని పోయింది ఎవురు? పెండ్లిండ్లకు వచ్చి నిలబడింది ఎవురు? మీకు అమ్మా నేనే, నాయనా నేనే. ఇంగ మధ్యలో ఆ యూనియన్ ఎందుకు?"

"అదే కదప్పా చిక్కు" అంటి. "ఇంట్లో అమ్మ కొడితే నాయన దగ్గరికి పోయి ఏడుస్తాం. నాయన కొడితే అమ్మ చెంగు చాటుకు పోతాం. ఈడ అమ్మా నువ్వే, నాయనా నువ్వే. నువ్వు కొట్టిన దినం మేం యాడికి పోవాల?"

ఆయప్ప చెయ్యి గడియారం మీదికి పాయె గానీ ఎగదోయలా. ఊరికే దాన్ని తిప్పుకుంటా నిలబడె. నేను ఆ సందు ఇడిచిపెట్టలా.

"ఇంగోటి చెప్తా ఇను. బాత్రూం కాడ నీళ్ళకు కొట్లాడుకోని నీ దగ్గరికొస్తాం. నా మిషను ఆమె తీసుకునె అని వస్తాం. మా కోడలు అలిగె అని వస్తాం. సంఘముంటే ఇవన్నీ మాలో మేమే కూచోని తీర్చుకుంటాం. నువ్వు నీ మిషన్లు నిమురుకుంటా ఉండచ్చు."

ఆయప్ప కండ్లు ఇంతింతాయె. "నిజంగానా మే? ఆ బాత్రూం తగాదా గూడానా?"

"అదీనూ."

"నా దగ్గరికి రారు కదా?"

"పొరపాటున గూడా రాము."

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎవురూ చెప్పలేదు కదమ్మే" అనె. మల్లా మొగం వాడిపాయె. "అయినా ఏం లాభం? ఒట్టు పెడితి. తినే అన్నం మీద. ఈ గేటు దాటి రాగూడదని నలుగురిలో అంటి. మా నాయన ఒట్టు తప్పిన మనిషి కాదు. నేనెట్ల తప్పేది?"

నేను తిట్టచ్చు, తిట్టలా. మడికాడి మనుషులకు తినే అన్నం మీద ఒట్టంటే ఏందో నాకూ తెలుసు. మా అందరి మొగాలూ చిన్నబోయె. ఆ పొద్దు అట్లే ఇండ్లకు పోతిమి. దావలో మాబున్ని, "నా కోసం మీ కడుపులు కాల్చుకోవద్దండి. రేపు మీరు పనికి పోండి" అనె. ఆ మాట ఇంటే మాకు ఇంగా మొండి ఎక్కె.

పొద్దన్నే మేం మాబున్నిని ఎంటబెట్టుకోని పోతిమి. గేటు కాడ ఎవురూ లేరు. ప్రహరీ పక్క దిక్కు నుంచి ఠంగు ఠంగుమని సద్దు. పోయి తొంగి చూద్దుము కదా, ఆయప్ప పంచె ఎగగట్టి, చేతిలో గడ్డపార పట్టుకోని, లోపలి దిక్కు నుంచి నాపబండ మొదట్లో తవ్వుతాండాడు. చెమటకు బనీను ఒంటికి అతుక్కుపోయింది.

"ఏంది అప్పా ఈ పని? బేల్దారిని పిలవచ్చు కదా?" అంటి.

"బేల్దారిని పిలిస్తే ఊరంతా తెలుస్తాది మే" అనె.

ఆ గోడ ఉండేది రోడ్డు మీద. టీ బంకు కాడి జనం, నంద్యాల బస్సు కోసం నిలబడినోళ్ళు, అందరూ ఆడనే చేరి చూస్తాండారు. ఒకాయప్ప, "ఏమప్పా, లంకె బిందెలు దొరికినాయా?" అని అడిగితే, "దొరికితే నీకెందుకు చెప్తా?" అని ఆయప్ప ఇంగా గట్టిగా పొడిసె.

ఆ పోటుకు బండ మొదలు కదిలె. ఒక్కసారిగా మా దిక్కు వాలె. మేమంతా ఉరికి చేతులు ఆనిస్తిమి. మాబున్ని భుజం ఆనిచ్చె. "ఎనక్కి తోయొద్దండి, అవతల ఆయప్ప కాలు మీద పడ్తాది!" అని ఆయమ్మే అరిసె. మెల్లగా, మెల్లగా, ఒకరికొకరు చెప్పుకుంటా ఆ బండను నేల మీద పండుకోబెడితిమి. దుమ్ము అణిగినాంక చూస్తే, బండ లేని సందులో అవతల ఆయప్ప, ఇవతల మాబున్ని, ఒకరికొకరు ఎదురుగా ఉండారు. మధ్యన ఏం లేదు.

ఆయప్ప గడ్డపార కింద పెట్టి, తుండుగుడ్డతో మొగం తుడుచుకునె.

"ఇది గేటు కాదు కదా?" అని నన్నడిగె.

"కాదప్పా. సందు."

"నేను ఒట్టు పెట్టింది గేటుకు."

"గేటుకే. మేమంతా ఇంటిమి."

"మరి ఆ యమ్మి ఇంగా బయటనే ఎందుకు నిలబడె? పొద్దెక్కలేదా? మిషను కాడికి పొమ్మను."

మేమంతా తోసినా మాబున్ని కదల్లా. కాలు సందు కాడ పెట్టి అట్లే నిలబడె. ఆ మెత్తని గొంతుతోనే, ఆయప్ప కండ్లల్లోకి చూసి చెప్పె.

"నేనొస్తానప్పా. నాతో పాటు సంఘమూ వస్తాది. ఇప్పుడే చెప్తాండా, మల్లా నన్ను బయటికి పంపద్దు."

ఆయమ్మ ఇంట్లో మంచం మీద మొగుడు, మూలకు పెట్టిన బడి సంచి నా కండ్ల ముందర తిరిగె. ఆ ఒక్క మాట మింగి లోపలికి పోతే ఏమాయె అని నా మనసులో అనిపిచ్చె. ఆయమ్మ మింగలా. ఆయప్ప ఒకసారి మాబున్నిని చూసె, ఒకసారి కింద పడిన బండను చూసె. సంఘానికి సరే అనే మాట ఆయప్ప నోట్లో నుంచి రాదని మాకు తెలుసు. చచ్చేదాకా రాలా. మేం సంఘం కూచునే దినమొస్తే "ఈపొద్దు ఆడోళ్ళ పంచాయితీ" అంటాండె గానీ, యూనియన్ అని ఒగనాడూ అనలా.

అప్పుడు గూడా సరే అనలా. పక్కకు జరిగి, దావ ఇడిచి, ఎవురి మీదనో కసురుకున్నట్ల అరిసె.

"దావ ఇస్తి కదమ్మే! వచ్చేటప్పుడు నువ్వు ఎంట ఏం తెచ్చుకుంటావో, నేనేమన్నా నీ మూట ఇప్పి చూస్తానా?"

మాబున్ని కొంగు నడుముకు దోపుకోని లోపలికి పాయె. పక్కనే గేటు బార్లా తెరిచే ఉండె. అయినా మేమంతా ఒకరెనక ఒకరం, ఆ సందులో నుంచే పోతిమి.